బుడబుక్కల కోటుకు రక్తం మరకలు కావాలట

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో హారర్ సినిమాల మీద పెద్ద వ్యాసం వేశారు. మన జానపదంలో బోలెడు సరుకుంది, దాన్ని తవ్వుకుంటే తెలుగు హారర్‌కు కొత్త కొత్త విలన్లు దొరుకుతారని ఆ రాసినాయన తెగ సంబరపడ్డారు. పేర్లు కూడా ఇచ్చారు. బుడబుక్కలవాడు, కోయదొర, సోది చెప్పే ఎరుకలసాని, పేదరాశి పెద్దమ్మ. పేదరాశి పెద్దమ్మ పేరు చూసి నాకు నవ్వొచ్చింది. దారి తప్పి వచ్చిన రాజకుమారుడికి ఇంత కూడు వండిపెట్టి, ఊళ్ళో సంగతులన్నీ చెప్పి పంపే ఆ ముసలావిడ మీద మీవాళ్ళకెందుకండీ అంత కోపం? సరే, ఆవిడ కథల్లో తప్ప ఎక్కడా ఉండదు కాబట్టి ఎవరేం చేసినా ఆవిడకు పోయేదేం లేదు. మిగతా ముగ్గురి సంగతి అలా కాదు. ఆ ముగ్గురూ రేపు పొద్దున మన వీధిలోకే రావాలి. వాళ్ళ గురించి, ముఖ్యంగా తెల్లవారకముందే డమరుకం మోగిస్తూ వచ్చి పలుకు చెప్పే బుడబుక్కలవాడి గురించి ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. కత్తిరించక తప్పదనుకుంటే నా షాపు కబుర్లు కత్తిరించి మిగతాది ఉంచండి.

మాది గుంటూరు కొత్తపేటలో డ్రెస్సుల షాపు. అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. ఊరూరా పద్యనాటకాలు ఆడే రోజుల్లో మా మామగారు పెట్టారు. తిరునాళ్ళ సీజన్ వచ్చిందంటే కృష్ణుడి కిరీటాలు, దుర్యోధనుడి గదలు, చింతామణి పట్టుచీరలు ట్రంకుపెట్టెల్లో సర్ది, బస్సు టాపు మీద వేయించుకుని ఆయన కూడా వెళ్ళేవారు. ఇప్పుడు నాటకాల బేరం పలచబడింది. స్కూళ్ళ యానివర్సరీలు, కృష్ణాష్టమి, ఆగస్టు పదిహేను, సంక్రాంతి, వీటి మీదే షాపు నడుస్తోంది. ధనుర్మాసం రాగానే హరిదాసు సెట్టు, గంగిరెద్దు సెట్టు, బుడబుక్కల సెట్టు ఈ మూడూ పిల్లల సైజుల్లో బయటికి తీసి ఎండలో వేస్తాను.

పెద్దవాళ్ళ బుడబుక్కల కోటు మా దగ్గర ఒకటే ఉంది. అది కుట్టించింది కాదు, అసలుది. మా వీధుల్లో తిరిగే ఒకాయనకు మా మామగారు నాటకాల్లో వాడే సామంతరాజు కోటొకటి ఇచ్చి, ఆయన ఒంటి మీదున్నది మారకం పుచ్చుకున్నారని మా అత్తగారు చెప్పేది. ఎవరో ప్లీడరుగారు తొడిగి తొడిగి వదిలేసిన నల్ల కోటది. మోచేతుల దగ్గర చిరిగితే ఎర్ర మఖమల్ ముక్కలు వేశారు. జేబు దగ్గర దుప్పటి ముక్క, వీపు మీద పసుప్పచ్చ జాకెట్టు గుడ్డ. గుండీలు ఐదుంటే ఐదూ ఐదు రకాలు, అందులో ఒకటి పోలీసు యూనిఫాం నుంచి ఊడిన ఇత్తడి గుండీ. కాలరు కింద బయటికి కనబడని ఒక చిన్న జేబుంది, చిల్లర దాచుకోవడానికి అయ్యుంటుంది. అస్తరు చిరిగిన చోట పసిపిల్ల గౌను గుడ్డ వేసి కుట్టారు, దాని మీద చిన్న చిన్న బాతు బొమ్మలు. ఏ ఇంట్లో ఏ పిల్లకు పొట్టిదైపోయిన గౌనో. ఆయన అడిగిన ఇళ్ళూ, ఆ ఇళ్ళవాళ్ళు పెట్టిన గుడ్డలూ అన్నీ ఆ కోటు మీదే ఉన్నాయి. బుడబుక్కలవాళ్ళు బియ్యంతో పాటు పాతబట్టలు కూడా అడుగుతారు కదా. ఆ కోటును నేను ఉతకను. ఎండకు వేసి, దులిపి, కలరా ఉండలు వేసి దాచిపెడతాను.

ఈసారి సంక్రాంతికి ముందు ఆ కోటు కోసం ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. ఇంజినీరింగ్ చదువుతున్నారట. మంచి పిల్లలే, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు, ఇచ్చిన మంచినీళ్ళు తాగి గ్లాసు తీసుకెళ్ళి సింకు దగ్గర పెట్టారు.

"ఆంటీ, మీ దగ్గర బుడబుక్కల కోటుందట కదా?"

"ఉంది బాబూ. ఏ స్కూలు మీది?"

"స్కూలు కాదాంటీ, షార్ట్ ఫిల్మ్. హారర్."

కథ చెప్పారు. నెలగంట పెట్టాక తెల్లవారుజామున ఒక బుడబుక్కలవాడు అపార్ట్‌మెంట్ల మధ్యకొస్తాడు. ఏ ఇంటి ముందు నిలబడి డమరుకం మోగిస్తే ఆ ఇంట్లో పిల్ల మాయమైపోతుంది. చివర్లో అతని జోలె విప్పుతారు. జోలెలో ఏముంటుందో చెబితే థ్రిల్ పోతుందని చెప్పలేదు. కోటు చేతికిచ్చాను. తిరగేసి చూస్తూ ఒక అబ్బాయి అస్తరులో బాతుల గుడ్డ కనిపెట్టాడు. "రేయ్, ఇది చూడరా! చంపిన పిల్ల గౌను ముక్క అని క్లోజప్ వేస్తే అదిరిపోద్ది" అన్నాడు. ఇంకొకతను, "ఆంటీ, దీని మీద రక్తం మరకలు వేస్తే మళ్ళీ పోతాయా?" అని అడిగాడు. మఖమల్ మీద ఏ రంగు పడినా పోదు బాబూ అని చెప్పాను. అది నిజమే, సాకు కాదు.

అప్పుడు నేనొక మాట అడిగాను. "ఇంతకీ అతను పిల్లల్ని ఎందుకు చంపుతాడు నాయనా? డబ్బుకా, పగకా, పూజకా?" ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కాసేపటికి ఒకతను "విలన్ కదాంటీ" అన్నాడు.

కోటు ఇవ్వలేదు. వాళ్ళు ఏమీ అనుకోలేదు, పైగా నన్నే ఓదార్చారు. ఫారిన్‌లో ఏకంగా పసిపిల్లల ఎలుగుబంటి బొమ్మనే హంతకుణ్ణి చేసి సినిమా తీశారు, మనదేముందాంటీ అన్నారు. ఆ ఎలుగుబంటి సంగతేమిటో మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసినప్పుడు అడిగాను. వాడు చెప్పింది వింటే నాకు మతి పోయింది.

ఆ ఎలుగుబంటి పేరు విన్నీ ద పూ. మిల్న్ అనే ఆయన 1926లో పిల్లల కోసం రాసిన పుస్తకం. అమెరికా చట్టం ప్రకారం తొంభై ఐదేళ్ళ హక్కు గడువు ముగిసి 2022 జనవరి 1న ఆ పుస్తకం అందరి సొత్తయింది. అంతే, మరుసటి సంవత్సరానికల్లా ఆ ఎలుగుబంటి మనుషుల్ని నరికే సినిమా థియేటర్లలోకి వచ్చేసింది. ఖర్చు లక్ష డాలర్ల లోపేనట, వసూళ్ళు యాభై లక్షల డాలర్ల పైమాట. ఆ ఏడాది చెత్త సినిమాలకిచ్చే గోల్డెన్ రాస్‌బెర్రీ బహుమతుల్లో ఐదు దానికే వచ్చాయని మా వాడు నవ్వాడు. బహుమతులెవరికి కావాలి, రెండో భాగం కూడా తీసేశారు. 1928 నాటి మిక్కీ ఎలుక సినిమాకు 2024లో గడువు తీరగానే దానికీ ఇదే గతి పట్టించారు.

అందులో బట్టల షాపుదాన్ని కాబట్టి నాకు పట్టిన విషయం ఒకటుంది. డిస్నీ వాళ్ళ బొమ్మల్లో ఆ ఎలుగుబంటి తొడుక్కునే ఎర్ర చొక్కా ఉంది చూశారూ, దాన్ని మాత్రం ఈ సినిమా వాళ్ళు ముట్టుకోలేదు. దాని హక్కులు వేరట, గడువు తీరలేదట. ఎలుగుబంటి చేత గొడ్డలి పట్టించవచ్చు గానీ ఎర్ర చొక్కా తొడిగితే మాత్రం కోర్టు. ఒక బొమ్మ చొక్కాకు అంత కాపలా ఉంది. నా దగ్గరున్న కోటును నిజంగా తొడుక్కుని తిరిగిన మనిషికి ఏ గడువూ లేదు, ఏ లాయరూ లేడు. ఇవాళ మధ్యాహ్నం అనుకుంటే రాత్రికి అతన్ని హంతకుణ్ణి చేసి ఫోన్‌లో పెట్టేయొచ్చు.

ఇలాంటి పాత్రల మీద సినిమా వాళ్ళకు మోజెందుకో వ్యాపారం చేసేదాన్ని కాబట్టి నాకర్థమైంది. కొత్త విలన్‌ను పుట్టించాలంటే వాడెవడో, వాడి బలమేమిటో జనానికి చెప్పుకురావాలి. బుడబుక్కలవాడికైతే ఆ ఖర్చు లేదు. చీకట్లో డమరుకం చప్పుడొక్కటి వినిపిస్తే చాలు, నలభై దాటిన వాళ్ళందరికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ జలదరింపు మన నాయనమ్మలు ఊరికే పెట్టిపోయిన పెట్టుబడి.

నాయనమ్మల మాట వచ్చింది కాబట్టి మీవాళ్ళు అనబోయేది నేనే అనేస్తాను. బుడబుక్కలవాడితో పిల్లల్ని భయపెట్టింది సినిమా వాళ్ళ కంటే ముందు మన ఇళ్ళలోనే. కాదన్ను. నేను పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెటూళ్ళో. అన్నం తినకపోతే, ఎండలో తిరిగితే, చెల్లెల్ని కొడితే మా నాయనమ్మ నోట వచ్చే మాట ఒకటే, బుడబుక్కలోడికి పట్టిస్తా. పైగా అతని వృత్తిలోనే కాస్త భయం కలిసి ఉంది. కోడి కూయకముందే వస్తాడు. పెద్ద తలపాగా, మొహాన ఇంత కుంకుమ, భుజాన జోలె, చంకలో గొడుగు. శ్మశానంలో పూజ చేసి తిన్నగా ఇటే వస్తున్నానంటాడు. అంబ పలుకు జగదంబ పలుకు, కంచి కామాక్షి పలుకు అంటూ ఈ ఇంటికి మంచి జరగబోతోందనో, తూర్పు దిక్కు నుంచి గండం ఉందనో చెప్పేసి, పెట్టేది పుచ్చుకోకుండా వెళ్ళిపోతాడు. దుప్పటి కింద పిల్లలం బిగుసుకుపోయేవాళ్ళం.

కానీ అతను మళ్ళీ వచ్చేవాడు. అది మీ వ్యాసంలో లేదు, ఆ కుర్రాళ్ళ కథలోనూ లేదు. పొద్దెక్కాక, ఏ ఎనిమిది తొమ్మిదింటికో, వెలుతురులో వచ్చేవాడు. పెట్టాల్సింది అప్పుడు పెట్టాలి. అప్పుడు చూస్తే దగ్గుతూ ఉండేవాడు. కుంకుమ చెమటకు చెదిరి ముక్కు మీదికి జారి ఉండేది. మా నాయనమ్మ చేటలో బియ్యం తెచ్చి జోలెలో పోసి, "ఏమయ్యా, మీ అమ్మాయి పురుడెప్పుడన్నావు?" అని అడిగేది. అతను "మాఘంలోనమ్మా, ఓ పాత చీరుంటే ఇప్పించు తల్లీ, పొత్తిగుడ్డలకవుతుంది" అనేవాడు. రాత్రి నన్ను ఎవరికి పట్టిస్తానందో, పొద్దున ఆ మనిషి కూతురి పురిటికి మా అమ్మ చీర వెళ్ళింది. నేను అరుగు మీద నిలబడి ఆ డమరుకం పట్టుకుని చూశాను కూడా. అరచేతిలో పట్టేంత ఉంది, దానికి వేలాడే దారాల చివర ముడులు, ఆ ముడులు తోలుకు తగిలితే ఆ చప్పుడు. ఓస్, ఇంతేనా అనిపించింది. మా నాయనమ్మ భయపెట్టింది నిజమే, ఆ భయానికి విరుగుడు కూడా పొద్దున్నే వాకిట్లోకి వచ్చేది. సినిమా అతని మొదటి రాకను మాత్రం తీసుకుని, రెండో రాకను కోసి పారేస్తోంది.

శ్మశానం గురించి కూడా ఒక మాట. మా షాపు నుంచి ఇప్పటికీ ఎక్కువగా వెళ్ళే నాటకం డ్రెస్సు హరిశ్చంద్రలో కాటిసీనుది. గోచీ, నల్ల గొంగడి, కర్ర, కుండ. ఆ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గుంటూరు సీమ మనిషి. ఆ సీనులో జనం వన్స్‌మోర్ కొట్టే శ్మశానం పద్యాలు వినుకొండ జాషువాగారివి. తెల్లవార్లూ కూర్చుని చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని చూసేవాళ్ళు ఆ సీను. కాటికాపరిని చూసి ఏ పిల్లా జడుసుకోలేదు, ఏడ్చింది. మనవాళ్ళకు శ్మశానంలో నిలబడ్డవాడంటే నిజం చెప్పేవాడనే గుర్తు కూడా ఉంది. అది తీసి పక్కన పెట్టి, శ్మశానం నుంచి వచ్చేవాడంటే క్షుద్రపూజగాడే అనడం సినిమాలు నేర్పిన కొత్త అలవాటు.

జానపదాన్ని హారర్‌కు వాడుకోకూడదని నేననడం లేదు. బాగా వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని బొగ్గుతో, సుద్దతో రాసుకున్నారు గుర్తుందా? కర్ణాటకలోనూ అదే ఉండేది, నాళె బా అని. దాని మీదే 2018లో హిందీలో 'స్త్రీ' అనే సినిమా వచ్చింది. మా కోడలు పట్టుబట్టి చూపించింది. భయపెట్టింది, నవ్వించింది, చివరికి ఆ దెయ్యానికి జరిగిన అన్యాయమేమిటో చెప్పింది. గోడ మీద రాత కూడా మారిపోయింది, రేపు రా అన్న చోట మమ్మల్ని కాపాడు అని. దెయ్యానికి కూడా ఒక కారణం ఇచ్చారు వాళ్ళు. బతికున్న మనిషికి మా కుర్రాళ్ళ దగ్గర అది లేదు. అసలు మన పాత సినిమాల్లో రాక్షసుల్ని చూడండి. 1957లో మాయాబజార్ వచ్చిన దగ్గర్నుంచీ ఘటోత్కచుడి గద అడిగి మరీ తీసుకెళ్తారు మా షాపులో పిల్లలు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. సినిమా చూసి జడుసుకున్న పిల్లలు రెండు రోజులకు మర్చిపోతారు, దాని గురించి నాకు టెన్షన్ లేదు. నా టెన్షన్ జోలె వేసుకుని వీధిలోకొచ్చే మనిషి గురించి. 2018 మే నెల గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో ఒకటే మెసేజీలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ముష్టివాళ్ళను, మతి చెడిన వాళ్ళను, భాష రాని వాళ్ళను స్తంభాలకు కట్టేసి కొట్టారు, ప్రాణాలు పోయాయి. అవన్నీ పుకార్లని పోలీసులు మైకులు పట్టుకుని చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాదే జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్ళో ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్ళు నాథపంథీ డవరీ గోసావీలనే సంచార కులం వాళ్ళు. ఊరూరా తిరిగి అడుక్కోవడం తాతల నాటి నుంచి వాళ్ళ వృత్తి. అంటే మన బుడబుక్కలవాళ్ళు, జంగం దేవరలు లాంటివాళ్ళే. సంతలో ఒక పాపతో మాట్లాడబోయారట, అంతే. ఆ నెలలోనే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక మెసేజీని ఐదు చాట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టారు.

ఆ పుకారూ, ఆ కుర్రాళ్ళ షార్ట్ ఫిల్మూ ఒకటే కథ. జోలె వేసుకున్న కొత్త మనిషి, మాయమైపోయే పిల్ల. వాళ్ళకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. సినిమా హాల్లో అయితే కనీసం చూసేవాడికి ఇది సినిమా అని తెలుస్తుంది. 2023లో చట్టం మార్చి సెన్సారు వాళ్ళిచ్చే యూఏ సర్టిఫికెట్‌లో ఏడేళ్ళకు, పదమూడేళ్ళకు, పదహారేళ్ళకు వేరువేరు ముద్రలు కూడా పెట్టారు. అందులోంచి ముప్పై సెకన్ల ముక్క కత్తిరించి, పేర్లూ ముద్రా తీసేసి, 'జాగ్రత్త, మన గుంటూరులోనే' అని రాసి ఎవడో ఫార్వర్డ్ చేస్తే అప్పుడది ఏ ముద్ర కిందికొస్తుందండీ?

మీ పత్రిక మీద కూడా నాకొక ఫిర్యాదుంది. ఎక్కడైనా దొంగతనం జరిగితే జిల్లా పేజీలో 'బుడబుక్కల వేషంలో రెక్కీ', 'సోది చెబుతామంటూ చోరీ' అని హెడ్డింగులు పెడతారు. ప్యాంటూ చొక్కా వేసుకుని దొంగతనం చేసినవాడి గురించి 'ప్యాంటు వేషంలో' అని ఎప్పుడైనా రాశారా? 1871లో బ్రిటిష్ వాళ్ళు కొన్ని కులాలకు కులాలనే పుట్టుదొంగలని చట్టం చేశారు. స్వతంత్రం వచ్చాక 1952లో దాన్ని ఎత్తేశారు. ఆ చట్టం కింద ఎరుకలవాళ్ళను తెచ్చి పెట్టిన స్టువర్టుపురం, 2022లో బాపట్ల జిల్లా విడిపోయేదాకా మన గుంటూరు జిల్లాలోనే ఉంది. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా ఆ ఊరి పేరు చెబితే జనం జేబులు తడుముకుంటారు. పోలీసు రికార్డు వేసిన మచ్చను ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ రంగు పూసి కొత్తగా ఉంచుతున్నారు, అందులో సినిమాలకూ పత్రికలకూ వాటా ఉంది.

అలాగని నిషేధించమని అడగను. నిషేధం సంగతి నాకు బాగా తెలుసు. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు అడిగితే 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం చింతామణి నాటకాన్నే నిషేధించింది. వాళ్ళ బాధ వాళ్ళది, నేను తప్పు పట్టను. కానీ మా బీరువాలో ఉన్న చింతామణి చీరలు మడతల దగ్గర చిట్లిపోయాయి, ఆ వేషాలు కట్టి బతికిన ఆడవాళ్ళు వేరే పని వెతుక్కున్నారు. నేను చెప్పేది ఇంకోటి. శెట్టిగారికి అడగడానికి సంఘాలున్నాయి, ఆఫీసులున్నాయి, వినడానికి మంత్రులున్నారు. బుడబుక్కల వాళ్ళు బీసీ ఏ గ్రూపులో ఉన్నారని ప్రభుత్వం జాబితాలో ఉంది, అంతవరకే. సినిమాలో మమ్మల్ని హంతకులను చేశారని వాళ్ళు ఏ ఛాంబర్ ముందు కూర్చుని అడుగుతారు?

మా వీధికి ఇప్పటికీ ఒకాయన వస్తాడు. కొడుకు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు, ఈ పనికి రానన్నాడట. ఈయన కూడా ఇప్పుడు ప్యాంటు మీద కోటేసుకుంటాడు. అపార్ట్‌మెంట్లలోకి వాచ్‌మెన్లు రానివ్వరు. గేటు బయట నిలబడి పలుకు చెబితే ఆరో అంతస్తుకు ఏం వినిపిస్తుందమ్మా అంటాడు. అందుకని మాలాంటి పాత ఇళ్ళ వీధులకే వస్తాడు. పోయిన నెల గడ్డం ఎందుకు తీసేశావయ్యా అని అడిగితే, "గడ్డముంటే పిల్లలు ఫోన్ తీసి వీడియో పడుతున్నారు తల్లీ, మీమీద సినిమా వచ్చింది చూశావా అంటున్నారు" అన్నాడు. ఏ సినిమానో ఆయనకు తెలీదు, చూడలేదు. ఈసారి సంక్రాంతికి మా షాపులో పిల్లల బుడబుక్కల సెట్టు తీసుకెళ్ళినావిడ మర్నాడు తెచ్చి ఇచ్చేసి హరిదాసుది మార్చుకుంది. స్టేజీ మీద వేరే పిల్లలు జడుసుకుంటారు, వద్దన్నారట స్కూల్లో. ఇదివరకు ఆ సెట్టుకే ముందు అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు, డమరుకం మోగించొచ్చని.

కాబట్టి మీకు నా మనవి చిన్నదే. జిల్లా పేజీలో ఆ 'వేషంలో' హెడ్డింగులు మానండి. సినిమా పేజీలో విలన్ల జాబితా వేసినప్పుడు ఆ జాబితాలో ఉన్న మనిషి దగ్గరికి ఒక విలేఖరిని పంపి, నాలుగు మాటలు అడిగి, పక్కన ఒక కాలమ్ వేయండి. పంపేటట్టయితే తెల్లవారుజామున నాలుగున్నరకే పంపాలి, తొమ్మిది దాటితే ఆయన ఏటుకూరు వైపు వెళ్ళిపోతాడు.

ఆ కుర్రాళ్ళు ఇది చదువుతారో లేదో. చదివితే వాళ్ళకొక కథ ఇస్తాను, హారర్ కథే. పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసుల్లో నిందితులు చాలావరకు పిల్లలకు తెలిసినవాళ్ళే అని ఏటా నేరాల లెక్కల్లో వస్తోంది. ఒక మంచి అపార్ట్‌మెంటు, ఒక మంచి కుటుంబం, ఇంట్లో ఒక పాప సరిగా మాట్లాడటం లేదు. తెల్లవారుజామున బుడబుక్కలవాడు వచ్చి, ఈ ఇంట్లోనే ఒకడి వల్ల పాపకు గండముందమ్మా అని చెబుతాడు. ఇంటిల్లిపాదీ అతన్నే పట్టుకుని కొడతారు. నిజం తెలిసినవాడు గేటు బయట, అసలు నేరస్తుడు లోపల సోఫాలో కాఫీ తాగుతూ ఉంటాడు. ఆ సినిమా తీస్తానంటే ఆ కోటు అద్దె లేకుండా ఇస్తాను. డిపాజిట్ వెయ్యి రూపాయలు మాత్రం కట్టాలి, మరకలు పడకూడదు.

ఇట్లు
డ్రెస్సుల షాపు నడిపే ఒక పాఠకురాలు
కొత్తపేట, గుంటూరు
(పేరు వేయవద్దని మనవి)